నేను సరిచేసిన అంచు

2024 వేసవి. రియాద్‌లో ఒక మాల్ లోపల కట్టిన మంచు హాలు. బయట నలభై ఆరు డిగ్రీల ఎండ, లోపల సున్నాకు కిందే. నేను అక్కడ కొత్తగా చేరిన స్కీ టెక్నీషియన్‌ని. మంచు మీద జారే స్కీలకు మైనం పట్టించి, వాటి ఇనుప అంచులకు పదును పెట్టడం నా పని. అంతకుముందు జగిత్యాలలో పదిహేనేళ్లు వడ్రంగం చేశాను. పదును గురించి నాకు ఒకరు చెప్పేదేమిటన్న పొగరు ఉండేది, దాచడం ఎందుకు?

నూరా రియాద్ అమ్మాయే, పంతొమ్మిదేళ్లుంటాయి. ఆస్ట్రియాలో శిక్షణకు ఇద్దరిని ఎంపిక చేసే ట్రయల్ నాలుగు రోజుల్లో ఉంది. కోచ్ ఆమెకు కార్వింగ్ నేర్పుతున్నాడు. అంటే స్కీని పక్కకు వంచి, అంచు మీదే నిలబడి, మంచులో గీత గీసినట్టు తిరగడం. ఒక మలుపు ముగియకముందే పాత అంచును వదిలి కొత్త అంచు మీదికి వాలాలి. కష్టమంతా ఆ వదలడంలోనే ఉంది.

ఆమె స్కీలు నా బల్ల మీదికి వచ్చాయి. అడుగున స్కేలు పెట్టి చూస్తే ఇనుప అంచు వెంట్రుకవాసి పైకి వాలి ఉంది. ఉలి వీపు సమంగా లేకపోతే నిద్రపట్టని మనిషిని, ఊరుకుంటానా! ఎవడో చేతగానివాడు అరగదీశాడని తిట్టుకుంటూ మెషీన్ మీద అడుగంతా చదును చేసి ఆ వాలు తీసేశాను.

మరుసటి రోజు నుంచి నూరా పడుతూనే ఉంది. "వదలడానికి భయపడుతున్నావు" అని కోచ్ విసుక్కునేవాడు. ట్రయల్ రోజు పొద్దున ప్రాక్టీసులో మూడో గేటు దగ్గర, అంటే మలుపు కోసం పాతిన మూడో జత కర్రల దగ్గర, స్కీ మంచులో ఇరుక్కుని, ఆమె ఎగిరి పక్కనున్న రక్షణ వలలో పడింది. ఇంకోసారి పడితే ట్రయల్‌కు దింపనన్నాడు కోచ్.

ఆమె కుంటుతూ వచ్చి స్కీలు నా బల్ల మీద పెట్టింది. ఆమె ఇంగ్లిష్‌లో మాట్లాడితే నేను వచ్చీరాని ఇంగ్లిష్‌లో జవాబు చెప్పేవాణ్ణి.

"నేను వదులుతున్నాను మల్లేశ్. ఈ స్కీయే మంచును వదలడం లేదు."

నాకు అనుమానం వచ్చి ఇంకొకరి స్కీ కింద స్కేలు పెట్టాను. అదే వాలు. మరో జత తీశాను, మళ్లీ అదే. బేస్ బెవెల్ అంటారట దాన్ని. స్కీని వంచేదాకా అంచు మంచును కరవకుండా ఆపేది ఆ వాలే. నేను తీసేసింది దాన్నే.

మా ఇన్‌చార్జి సలీం భాయ్‌ది కడప. విషయం చెప్పగానే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నోరు మూసుకోని ఉండప్పా. వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తాడు."

"ఆ పిల్ల కాలు ఇర్గితె ఎవలం జవాబు చెప్తం భాయ్?" అని చెయ్యి విడిపించుకున్నాను.

కోచ్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడింది. "ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"పావుగంట."

"పది నిమిషాలే ఉన్నాయి."

ఆకురాయి పట్టాను. తక్కువ తీస్తే మళ్లీ ఇరుక్కుంటుంది, ఎక్కువ తీస్తే అంచుకు పట్టే ఉండదు. మంచు హాల్లో నాకు చెమటలు పట్టాయి. స్కీలు ఇచ్చి వల పక్కన నిలబడ్డాను.

మొదటి గేటు దాటింది. రెండోది దాటింది. మూడో గేటు దగ్గర నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె నాలుగో మలుపులో ఉంది. చివరిదాకా పడలేదు.

కానీ మూడో స్థానం వచ్చింది. తీసుకునేది ఇద్దరినే.

నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. అది పెద్దగా బాధపెట్టలేదు. బూట్లు విప్పుకుంటూ నూరా అన్న మాటే బాధపెట్టింది. "మూడు రోజులు నేను పిరికిదాన్నని నమ్మాను." సిగ్గుతో తల దించుకున్నాను.

ఇప్పుడు ఎవరి స్కీలు వచ్చినా ఆకురాయి పక్కన పెట్టి, "ఎట్లా తిరుగుతున్నాయి?" అని ముందు అడుగుతాను. నూరాను ఆ ఒక్క మాట మొదటి రోజే అడిగి ఉంటే ఆమె ఆస్ట్రియా విమానం ఎక్కేది.