గాలి తగలొద్దన్నరు

మా అలియాబాద్‌ల పక్షవాతమొస్తే ముందు దవఖానకు పోరు. పావురాన్ని కోసి, ఆ వేడి నెత్తురు చెయ్యికీ కాలుకీ రుద్దిపిస్తరు. ఇప్పటికీ గంతే.

మా బాపు పొద్దున లేస్తనే మంచం మీద ఒరిగిండు. మూతి వంకరవోయింది, కుడిచెయ్యి లేవలే, మాట రాలే. బాపు తమ్ముడు, మా చిన్నాయిన, గాలి సోకిందన్నడు. ఆటోల పావురం కోసేటాయన కాడికి ఏస్కపోయి నెత్తురు రుద్దిచ్చి, ఇంటికి తెచ్చి, కిటికీలన్ని బిగిచ్చి గొంగడి గప్పిండు. గిన్ని జేసినోళ్లకు నాకు ఒక్క ఫోన్ జేసుడు మధ్యాహ్నం దాక యాదికి రాలే.

మచ్చ బొల్లారం నుంచి ఉరికొచ్చిన. అర్రల ఊపిరాడుతలేదు. బాపు నా దిక్కే చూస్తుండు, కండ్లలకెళ్లి నీళ్లు కారుతున్నయ్. కిటికీ తెరువబోతే చిన్నాయిన నా చెయ్యి పట్టుకున్నడు. గాలి తగిలితే రెండో చెయ్యి గూడ పోతదట! నాకు నెత్తి మండింది. ఎవ్వల్నీ అడగకుంట గొంగడి గుంజి పారేసిన.

మేడ్చల్ దవఖానల డాక్టర్ తల గూడ ఎత్తలే. ఎప్పుడొచ్చిందో తెల్వదు, మెదడుల నెత్తురు గడ్డ కరిగిచ్చే సూదికి టైం దాటింది, ఇంటికి తీస్కపొమ్మన్నడు. ఏం జేయనీకి, మల్ల గొంగడి గప్పనీకా? పట్నం పంపుమంటే, గింత లేటయినంక దండుగ అన్నడు. పావురమాయనకైతే సదువు లేదు, ఈయనకేం రోగం?

నేను ఇనలే. పట్నం పెద్ద దవఖానల తలకాయ స్కానింగ్ తీసిండ్రు. మెదడుల కొంత సచ్చిపోయింది గాని చుట్టు చానా బతికే ఉందని డాక్టరమ్మ చూపిచ్చింది. గసొంటోళ్లకు లేటయినా గడ్డ తీయొచ్చట. తొడ కాడి నరంలకెళ్లి సన్నటి గొట్టం మెదడు దాక పంపి గుంజి తీసిండ్రు.

"పొద్దున్నే తెచ్చుంటే ఇంకా మిగిలేదమ్మా," అన్నదామె.

గా మాట యాదికొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతది.

కాలు తిరిగొచ్చింది. చెయ్యి సగమొచ్చింది. మాట రాలే. ఇంటికొచ్చినంక, చూడొచ్చినోళ్లందరికీ చిన్నాయిన పావురం నెత్తురే పనిజేసిందని చెప్పవట్టె. నేను పండ్లు కొరుక్కుంట చాయ్‌లిచ్చిన.

ఓనాడు గట్లనే చెప్పుకుంట లేసి, అన్నకు గాలి తగుల్తదని కిటికీ మూయబోయిండు. బాపు ఎడమచెయ్యి లేపిండు. మూతి కష్టంగ కదిలిచ్చి, గుంజి గుంజి అన్నడు.

"తెర్సుండనీ."

దవఖాన నుంచి వచ్చినంక బాపు మాట్లాడిన మొదటి మాట గదే. గా పొద్దంతా గొంగడి కింద గదే చెప్పబోయి ఉంటడు.