మడమంత గట్టి రబ్బరు

పాకాల జంక్షన్‌లో ఒకసారి గూడ్సు ఇంజను మొరాయిస్తే రైల్వే వాళ్లే వచ్చి ఏబెల్‌ను పిలుచుకుపోయారని, ఆయన ఇంజను దాకా కూడా పోకుండా ప్లాట్‌ఫారం మీద గొంతుకూర్చుని, నేలకు అరచెయ్యి ఆనించి, లోపం మూడో సిలిండర్‌లో ఉందని చెప్పి, టీ తాగి వచ్చేశాడని ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఎందుకు తెలుసంటే, అందరికీ చెప్పింది నేనే. తొమ్మిదిలో బడి మానేసినవాణ్ని. లెక్కలు రావు గానీ, జరిగిన ఒక్కదాన్ని నాలుగు చేసి చెప్పడం బాగా వచ్చు. అయితే ఆ కథలో అరచెయ్యి మాత్రం నిజం.

ఏబెల్ యాభై ఆరేళ్ల సన్నటి మనిషి. చిత్తూరు రోడ్డులో నా బ్యాటరీల అంగడి పక్కనే ఆయన రేకుల షెడ్డు. ఏ బండి వచ్చినా స్టార్టు చేయమని చెప్పి, కళ్లు మూసుకుని, మడ్‌గార్డు మీద ఎడమ అరచెయ్యి పరిచేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి రోగం పేరు చెప్పేవాడు. దేవుడు ఏమరుపాటున ఈయన చెవులు తీసి చేతుల్లో పెట్టాడని నేను అంటుండేవాణ్ని. ఆ మాట ఆయనకు నచ్చేది కాదు. చర్చిలో పాస్టరుతో చెప్పి నాకు గడ్డి పెట్టిస్తానని బెదిరించేవాడు.

రబ్బరు దగ్గర ఆయన పద్ధతి ఇంకా విచిత్రం. ఇంజను కారు ఇనుము మీద నేరుగా కూర్చోదు, మధ్యలో రబ్బరు దిమ్మలు ఉంటాయి. వాటిని మౌంటింగులు అంటారు. ఇంజను అదురును అవి మింగేస్తాయి కాబట్టే లోపల కూర్చున్నవాడి ఒళ్లు హూనం కాదు. పాత బండ్లకు అవి దొరకవు. ఏబెల్ అరిగిన రబ్బరును కాల్చి తీసేసి, ఇనప పలకల మధ్య కొత్త దిమ్మ కోసి బిగించేవాడు. ఎంత గట్టి రబ్బరు కావాలో తేల్చడానికి గొంతుకూర్చుని, ఎడమ బొటనవేలితో తన మడమను, కుడి బొటనవేలితో రబ్బరును ఒకేసారి నొక్కి చూసేవాడు. రెండూ ఒకేలా అణిగితే అదే రబ్బరు. వాళ్ల నాయన సుందరరాజు నేర్పిన కొలత అది. నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఇది నేను పెంచి చెబుతున్నది కాదు.

మొన్న మామిడికాయల కాలంలో ఐరాల నుంచి ప్రతాప్ వచ్చాడు. తోటలున్న ఇంటి పిల్లవాడు, ముప్పై ఏళ్లుంటాయి. బెంగుళూరులో ఎవరి దగ్గరో కొన్న పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, పొడుగాటి ముందు భాగం, ఎర్ర రంగు. వయసులో అది ప్రతాప్‌కు ఒకటి రెండేళ్లే చిన్నది. గేరు మార్చినప్పుడల్లా లోపల ఎవరో తన్నినట్టు దబ్బుమంటోంది. ఆగి ఉంటే సీటంతా వణుకుతోంది. ఇంజను కింద రెండు మౌంటింగులు, గేరుబాక్సు కింద ఒకటి, మూడూ పిగిలిపోయి ఉన్నాయి. కొత్తవి విదేశం నుంచి రావాలంటే ఆరు నెలలట. తిరుపతిలో ఆదివారం పాత కార్ల వాళ్లంతా కలుస్తున్నారు, అప్పటికి కావాలన్నాడు. అతన్ని ఏబెల్ దగ్గరికి పంపింది కూడా నేనే. నూరు కిలోమీటర్ల అవతల తడ దగ్గర హైవే మీద పోయే లారీ అదురును ఏబెల్ పాకాలలో మంచం మీద పడుకుని పసిగట్టగలడని చెప్పాను. ప్రతాప్ నవ్వాడు గానీ బండి వదిలిపెట్టి పోయాడు.

బండి వచ్చిన వేడి ఆరకముందే ఏబెల్ కిందికి దూరాడు. ఇంజనుకు చెక్క దిమ్మ ఆనించి, జాకీతో అరంగుళం లేపి, నట్లు విప్పుతున్నాడు. నేను స్టూలు మీద కూర్చుని రైలింజను కథకు కొత్త ముగింపు ఆలోచిస్తున్నాను. అంతలో కాలిన మాంసం వాసన వచ్చింది.

"ఏమన్నా, స్టెల్లా వదిన కోడిని కోసినట్టుండాదే" అన్నాను.

వంగి చూశాను. ఏబెల్ తీరిగ్గా నట్టు తిప్పుతున్నాడు. ఆనిక కోసం పెట్టుకున్న ఎడమ చెయ్యి పొగ గొట్టాన్ని పట్టుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి సన్నగా పొగ వస్తోంది.

"అన్నా, చెయ్యి."

"ఏ చెయ్యి?" అన్నాడు ఏబెల్.

నేను కాళ్లు పట్టి బయటికి లాగాను. నాలుగు వేళ్ల మీదా తోలు ఊడి వచ్చింది. ఆయన దాన్ని ఇంకెవరిదో చూసినట్టు చూశాడు. తర్వాత నా వైపు కాకుండా రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

"వేళ్లు సచ్చిపోయి రెండేండ్లయిందబ్బా. షుగరు. యాడ పెట్టినా దూది మీద పెట్టినట్టే ఉండాది."

అప్పుడు గుర్తొచ్చింది. ఈమధ్య ఆయన మడ్‌గార్డు మీద చెయ్యి పెట్టే ముందు డ్రైవర్లను సవాలక్ష అడుగుతున్నాడు. ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా, ఎన్నో గేరులో, ఎంత స్పీడులో అని. నేనేమో వయసు మీద పడి వాగుడు ఎక్కువైందని ఎగతాళి చేస్తూ వచ్చాను. ఆయన రెండేళ్లుగా వాళ్ల మాటల్లోంచి రోగం ఏరుకుని, చేతితో కనిపెట్టినట్టు కళ్లు మూసుకుంటున్నాడు.

"ఈ బండి సరిగ్గా పోతే షెడ్డు నిలబడతాది. సెయ్యి పోయిందని తెలిస్తే ఎవురొస్తారబ్బా? ఇది తప్ప నాకేం తెల్దు" అన్నాడు. భార్య స్టెల్లాకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు.

మధ్యాహ్నం స్టెల్లా క్యారియర్ తెచ్చింది. కాలిన చేతిని చూసి అరవలేదు, ఏడవలేదు. గుడ్డ తడిపి చుట్టి, అన్నం కలిపి ముద్దలు చేసి గిన్నెలో వరసగా పెట్టి, ఆయన తినేదాకా కూర్చుంది. పోతూ నా అంగడి దగ్గర ఆగింది. నేను ఏదో అబద్ధం మొదలుపెట్టబోయాను.

"మూడేండ్లుగా ఆయన సొక్కాకు గుండీలు పెడతా ఉండేది ఎవురనుకుంటివి?" అని నడిచిపోయింది.

మరునాడు రబ్బరు ఎంచాల్సి వచ్చింది. ఈ రెండేళ్లలో ఆ పని పడింది లేదు. మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బెల్టు రబ్బరు, లారీ టైరు ముక్క, రైలు పట్టాల కింద వేసే రబ్బరు, మూడు రకాలు షెడ్డులో ఉన్నాయి. ఏబెల్ గొంతుకూర్చుని అలవాటుగా మడమ మీద బొటనవేలు పెట్టాడు. నొక్కాడు, వేలు జరిపి మళ్లీ నొక్కాడు. ఆ మడమలో కూడా స్పర్శ లేదు.

"నువ్వు సూడబ్బా" అన్నాడు చివరికి. "నీ మడమ పట్టుకో. ఏది దాని మాదిరి ఉంటే అది సెప్పు."

నా మీద అంతటి పని ఎవరూ ఎప్పుడూ పెట్టలేదు. కూర్చుని మడమ నొక్కాను, రబ్బరు నొక్కాను. లారీ టైరు మెత్తగా తగిలింది. పట్టాల రబ్బరు ఇంకా మెత్తన. చక్కెర ఫ్యాక్టరీ బెల్టు దగ్గరికి వచ్చేసరికి అచ్చం నా మడమే. మూడుసార్లు చూశాను. ఆ ఒక్కరోజు నేను గొప్పలకు పోలేదు, నిజాయితీగానే చూశాను.

"ఇదేనన్నా. కండ్లు మూసుకోని సెప్తా ఉండా."

ఏబెల్ తల ఊపి బ్లేడు తీసుకున్నాడు. గుడ్డ చుట్టిన చేత్తో రెండు రోజులు కోశాడు. వేళ్లకు తెలియనిదాన్ని కళ్లతో చూసుకుంటూ, ప్రతి నట్టు దగ్గరా ముఖం పెట్టి బిగించాడు.

శనివారం పొద్దున ప్రతాప్ వచ్చాడు. కారెక్కి స్టార్టు చేశాడు. ఏబెల్ చేతి గుడ్డ విప్పేసి, కళ్లు మూసుకుని, మడ్‌గార్డు మీద అరచెయ్యి పరిచాడు. పాత ఏబెల్‌లాగే ఉన్నాడు. ముఖం తేటగా ఉంది.

"నిద్రపోతా ఉండాది సామీ. ఊపిరి కూడా తెలీడం లేదు" అన్నాడు.

నేను అద్దంలోంచి లోపలికి చూస్తున్నాను. డ్యాష్‌బోర్డు మీద అతికించిన చిన్న కాణిపాకం వినాయకుడు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతున్నాడు. పక్క అద్దాలు రెండూ గడగడలాడుతున్నాయి. తలుపు రేకు మోగుతోంది. ముందు కంటే పది రెట్లు ఎక్కువ. వినాయకుడు ఊడి ప్రతాప్ ఒళ్లో పడ్డాడు.

ప్రతాప్ ఆ బొమ్మను చేతిలో పట్టుకుని ఏబెల్ ముఖంలోకి చూశాడు. "నాతో పరాచికాలా అప్పా?" అన్నాడు. కోపంగా కాదు, బాధపడ్డట్టు.

ఏబెల్ కళ్లు తెరిచాడు. పక్క అద్దం కదలడం చూశాడు. మడ్‌గార్డు మీద తన చెయ్యి ఉన్న చోటు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను మోగే తలుపు రేకును అరచేత్తో అదిమి పట్టుకున్నాను.

ఆయన చెయ్యి తీసి, రబ్బరు తప్పు పడిందని, చెయ్యి చెడిందని, బండిని వేరే చోటికి తీసుకుపొమ్మని ప్రతాప్‌కు నింపాదిగా చెప్పాడు. నేను అడ్డం పడి ఇంకొక్క వారం ఆగమన్నాను. ఏబెల్ వద్దని తల తిప్పాడు. మధ్యాహ్నం లారీ వచ్చి ఆ ఎర్ర కారును ఎక్కించుకుపోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో స్నానం చేస్తుంటే తెలిసింది. నేను నెలనెలా చెప్పుల్లేకుండా తిరుమల కొండెక్కేవాణ్ని. మామూలు రోజుల్లో కూడా చెప్పులు వేసుకోను. అదొక గొప్ప నాకు. నా మడమ పగుళ్లు తేలి చెక్కలా ఉంటుంది. ఏబెల్‌ను వాళ్ల నాయన ఇనప రజను గుచ్చుకుంటుందని చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా షెడ్డులో అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. ఆ కొలత ఆయన కాలిది. నా కాలితో కొలిస్తే అదురును మింగలేనంత గట్టి రబ్బరు పడింది. ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

పోయి చెప్పాను. విని, నా కాళ్ల వైపు ఒకసారి చూసి, "అవునబ్బా" అన్నాడు. అంతే.

షెడ్డు మూసి మూడు నెలలైంది. రోజూ పొద్దున స్టెల్లా గుండీలు పెట్టి పంపితే వచ్చి నా అంగట్లో కూర్చుంటాడు. లారీల రొదలో నా బ్యాటరీ చార్జరు మోత వినబడదు గానీ, చెయ్యి పెడితే జుమ్మంటుంది. ఆయన కళ్లు మూసుకుని దాని మీద అరచెయ్యి పరుస్తాడు. చాలాసేపు చూసి, ఏమీ తెలియడం లేదని తీసేస్తాడు. నేను రైలింజను కథ చెప్పడం మానేశాను. ఎవరైనా అడిగితే ఆయనే నా వైపు చూస్తాడు, చెప్పమన్నట్టు. నాకు రాదంటాను.

నిన్న చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు. ముఖం కొంచెం వెలిగింది.

"ఈ పొద్దు తెలస్తా ఉండాదబ్బా. సన్నంగా. వేళ్ల కొనల్లో."

తెల్లారినప్పటి నుంచీ కరెంటు లేదు.

"అవునన్నా" అన్నాను.