అట్టలో అతుక్కుపోయిన ఆఖరి భాగం

1943 ఆగస్టు 17, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలు. హిందూపురంలో మా ప్రెస్సు గోడ గడియారం చూసుకునే నేను అట్టలు అతికే గంజి కలిపేదాన్ని; ఆ రోజు కలిపింది ఆ వేళకే. బైండింగు పనిలో చేరి అప్పటికి ఆరేళ్ళు దాటింది. యుద్ధం వల్ల అట్ట దొరికేది కాదు. పన్నెండు పాత కాగితాలు ఒకదాని మీద ఒకటి అతికించి, స్క్రూ ప్రెస్సులో బిగించి ఆరబెడితే ఒక అట్ట అయ్యేది. పుస్తకానికి రెండట్టలు, అంటే ఇరవై నాలుగు కాగితాలు. పురుగు పట్టకుండా గంజిలో కాస్త మైలుతుత్తం వేసేవాళ్ళం.

ఆ కాగితాల్లో ఎక్కువ భాగం 'కాపీ', అంటే రచయిత చేత్తో రాసి ఇచ్చిన ప్రతి. కంపోజిటర్ నారాయణప్ప అక్షరాలు కూర్చి, ప్రూఫు దిద్దడం ముగిశాక కాపీ మూల చించి నా బల్ల మీద రాయి కింద పెట్టేవాడు. మూల చిరిగి ఉంటే వాడుకోవచ్చు. చిరగకపోతే ముట్టకూడదు.

పెనుకొండ స్టేషన్లో గూడ్సు గుమాస్తా రాఘవయ్య రాసే నవలను అప్పుడు నెలకొక భాగంగా అచ్చు వేస్తున్నాం. తండ్రిని ఎవరు చంపారో తెలియని ఒక అమ్మాయి రోజూ సాయంత్రం కోట దారిలో నడిచి వెళ్తుంది. ముప్పై అడుగుల వెనక ఒక అడవి కాపలాదారు నడుస్తుంటాడు. పదకొండు భాగాలైనా ఒక్క మాట మాట్లాడలేదు. కాపాడటానికా, చంపడానికా అన్నది పన్నెండో భాగంలో తేలాలి.

"ఏం ఓబులమ్మా, నీ కాపలాయప్ప ఈ నెలన్నా నోరు తెరుస్తాడా?" అని నారాయణప్ప నన్ను ఆట పట్టించేవాడు.

రాఘవయ్యా అంతే. నీళ్ళలో కరిగే రైల్వే వాళ్ళ ఊదా పెన్సిలుతో రాసి తెచ్చేవాడు, పెట్టేవాడు, పోయేవాడు.

గురువారం ఉదయం బండికి ధర్మవరం నుంచి రంగమ్మ అనే అమ్మాయి వాళ్ళ అవ్వతో వచ్చింది. నేతగాళ్ళ ఇంటి పిల్ల. కండెలు చుట్టే ఆడవాళ్ళకు ఈ నవల చదివి వినిపించేదట.

"కడ భాగం అచ్చయిందా అక్కా?"

"కాపీనే రాలేదు కదమ్మా," అన్నాడు నారాయణప్ప.

"మంగళవారమే ఇచ్చినానని రాసినాడే!" అంటూ రాఘవయ్య పంపిన కార్డు తీసింది. 'చివరి భాగం ప్రెస్సులో ఇచ్చాను. నేను మీకు చెప్పవలసింది అందులోనే ఉంది' అని ఊదా అక్షరాలు.

"మూడేండ్లు ధర్మవరం పార్సిలు ఆఫీసులో మా చీరల మూటలు తూచినాడమ్మా," అంది అవ్వ. "తూకం తప్ప ఇంగో మాట రాలే ఆయప్ప నోట్లోంచి!"

రంగమ్మ నవ్వలేదు. "ఆదివారం మా నాయన గోరంట్ల సంబంధం వాళ్ళకు మాటియ్యాల. ఈయన మనసు తెలీకుండా నేనేమని వద్దనేది?"

నేను స్క్రూ ప్రెస్సు వైపు చూశాను. మంగళవారం రాయి కింద కాగితాలు లెక్కపెట్టాను. సరిగ్గా ఇరవై నాలుగు. లెక్క కుదిరిందన్న సంబరంలో ఒక్కదానికీ మూల చిరగలేదన్నది చూడలేదు.

స్క్రూ విప్పి రెండట్టలూ వేడినీళ్ళలో వేశాను. తొట్టి నిండా ఊదా రంగు పరుచుకుంది. పొర పొరా విడదీస్తుంటే నా చేతిలోనే అక్షరాలు కరిగిపోతున్నాయి. రంగమ్మ పక్కనే కూచుని చూస్తోంది.

కబురందుకుని రాఘవయ్య మధ్యాహ్నం బండికి వచ్చాడు.

"ఎవరికీ చెప్పకుండా ఆ రాయి కింద ఎందుకు పెట్టినావు సామీ?" అన్నాడు నారాయణప్ప.

"మీరు పనిలో ఉన్నారు. కాగితాలు అక్కడ పెట్టడం ఇదివరకు చూశాను."

"నకలు ఉండాదా?"

"లేదు."

నేను ఏడుస్తూనే అడిగాను. "తప్పు నాది. కాగితాలు పోతే పోనీ సామీ, ఆ పాప ఈడనే ఉండాది. నోటితో చెప్పు."

రంగమ్మ లేచి నిలబడింది. "పోనీ, కథ సంగతే చెప్పండి. ఆ మనిషి నడిచేది కాపాడేకా, చంపేకా?"

ఆయన పెదవులు కదిలాయి.

"రాశాను కదండీ," అన్నాడు.

"రాసింది కరిగిపాయ కదా!"

"మళ్ళీ రాస్తాను."

"ఆదివారం లోపలా?"

ఆయన తొట్టి వైపు చూశాడు, తర్వాత గడియారం వైపు. "నాలుగుంపావు బండికి వెళ్ళాలి, డ్యూటీ ఉంది," అని గొడుగు తీసుకుని మెట్లు దిగాడు. నేను దిమ్మెరపోయాను. కాగితాలు పాడైనందుకు కూడా అంత దిమ్మెరపోలేదు. అవ్వ "అయ్యో, పోతాండాడే!" అంటూ వాకిలి దాకా వెళ్ళింది. రంగమ్మ వెళ్ళలేదు.

పన్నెండో భాగం మళ్ళీ రాలేదు. ఆదివారం రంగమ్మ వాళ్ళ నాయన గోరంట్ల వాళ్ళకు మాట ఇచ్చాడు. రాఘవయ్యకు ఆ ఏడే గుంతకల్లుకు బదిలీ అయింది.

ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు అదే పని చేశాను. మూల చూసి, ఇది ఎవరిదని గట్టిగా అడిగి, జవాబు విన్నాకే కాగితం ముట్టాను. రాఘవయ్య కూడా ఆ రోజు ఒక్క మాట అడిగి పెట్టి ఉండవచ్చు. అంతమాత్రాన నా తప్పు తగ్గదు.

పోయినవి: కాగితాలు ఇరవై నాలుగు, రెండు వైపులా రాసిన పుటలు నలభై ఎనిమిది, నవలలో ఒక భాగం, రంగమ్మ ఎదురుచూసిన జవాబు ఒకటి. తొట్టిలోంచి చదవడానికి వీలుగా మిగిలింది సగం వాక్యం: 'నీ వెనక ఇన్నాళ్ళూ నేను నడిచింది'.