మడతపెట్టిన చొక్కా

ఆ సముద్రం ఒడ్డున ఆయన్ని అందరూ గొడుగుల మామ అనేవాళ్లు. పిలిచేవాళ్లలో కొందరు ఆయన కంటే వయసులో పెద్దవాళ్లే, అయినా సరే మామే. పొద్దున్నే గొడుగులు మోసుకొచ్చి ఇసకలో పాతడం, వాటి కింద వాలుకుర్చీలు వేయడం, పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లని కూర్చోబెట్టడం, పొద్దుగూకాక అన్నీ మూటగట్టి ఇంటికి పోవడం. ఇదీ ఆయన ఉద్యోగం. ఎండ కావాలని విమానమెక్కి వచ్చి, వచ్చాక నీడ కోసం పోట్లాడుకునే ఆ జనాన్ని చూస్తే ఆయనకి నవ్వాగేది కాదు.

"వీళ్లకి బుర్రుందంటావా?" అని ఇంటికెళ్లి భార్యని అడిగేవాడు.

"బుర్రుంటే నీకు పనెక్కడిది? చేతులు కడుక్కుని రా" అనేది ఆవిడ.

అంతకు ముందు ఆయనది ఇస్త్రీ కొట్లో పని. వయసంతా అక్కడే గడిచిపోయింది. కొట్టు మూతపడ్డాక ఒడ్డుకి చేరాడు గానీ, ఆ చేతులున్నాయి చూశారూ, అవి మాత్రం పాత కొలువు మానలేదు. ఎక్కడైనా బట్ట ఉండచుట్టి పడి ఉంటే మనిషికి ప్రాణం ఒప్పదు. చుట్టాలింటికి వెళ్లినా ముందు వాళ్ల దండెం మీది బట్టలు మడతపెట్టి, గుమ్మంలో చెప్పులు జతలుగా సర్ది, అప్పుడు గానీ కూర్చోడు. "మీ ఆయన్ని ఒక వారం మా ఇంట్లో వదిలిపెట్టవే" అని ఇరుగమ్మలు ఆటపట్టిస్తే భార్య మురిసిపోయేది.

ఇక ఆ ఒడ్డు పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. రోజూ ఏదో ఒక వేళ సముద్రం పైకి పొంగుకొస్తుంది. అప్పుడు గొడుగులవాళ్లెవరూ నీళ్లలో ఉన్న మనిషి కోసం ఎదురుచూడరు. గొడుగూ కుర్చీ పీకేసి, ఆ మనిషి సామానంతా ఎత్తుకుని వెనక్కి జరిపేస్తారు. లేదంటే అన్నీ తడిసి ముద్దవుతాయి. ఒడ్డుకొచ్చినవాళ్లు తమ గొడుగెక్కడుందా అని కాసేపు దిక్కులు చూసి, దొరికాక నవ్వుకుంటారు. మామ అయితే జరపడంతో ఊరుకోడుగా! బట్టలు మడతపెడతాడు, చెప్పులు జతచేస్తాడు.

ఆ రోజు ఎదుటి హోటల్లోంచి ఒక పొడుగాటి మనిషి ఒంటరిగా వచ్చాడు. అంతకు ముందు రోజే భార్యతో దిగిన విదేశీయుడు. మామ నీలం గొడుగు చూపిస్తే వద్దని, మొత్తం గొడుగుల్లో ఒక్కటే ఉన్న ఎర్రదాన్ని చూపించాడు. కళ్లజోడు తీసి, కళ్లు చూపించి, సముద్రం చూపించి, మళ్లీ గొడుగు చూపించి తన భాషలో ఏదేదో చెప్పి నవ్వాడు. పాపం, ఎరుపంటే ఇష్టం కాబోలు అనుకున్నాడు మామ. తలూపాడు. భాష రాని చోట మనిషి చేసేది అదే కదా!

ఆ మనిషి బూట్లు చెరో పక్కకి విదిలించి, చొక్కా పీకి కుర్చీ మీదకి విసిరాడు. అది ఇసకలో పడింది. కళ్లజోడు కుర్చీలో పడేసి నీళ్లలోకి ఒకటే పరుగు. "ఎంత అడ్డదిడ్డం మనిషివయ్యా" అని మామ ముద్దుగా విసుక్కున్నాడు.

నీళ్లు పైకొచ్చే వేళకి వెనకంతా జనం నిండిపోయి ఉన్నారు. ఖాళీ ఉన్నది పక్కన రాళ్ల వైపే. మామ ఎర్ర గొడుగు పీకి అక్కడ పాతాడు. చొక్కా దులిపి నాలుగు మడతలు వేశాడు. బూట్లు జతచేసి, కళ్లజోడు మడిచి జాగ్రత్తగా ఒక బూటులో పెట్టాడు.

ఆ మనిషి మరి నడిచి ఒడ్డుకి రాలేదు. సాయంత్రానికి రాళ్ల మధ్య దొరికాడు.

అధికారులొచ్చారు. మడతపెట్టిన చొక్కా చూశారు, జతచేసిన బూట్లు చూశారు, అందులో భద్రంగా పెట్టిన కళ్లజోడు చూశారు. ఇంత పొందిగ్గా సర్దుకుని వెళ్లాడంటే చావాలనే నీళ్లలోకి పోయాడన్నారు. అంతే, తేల్చేశారు. గొడుగులవాణ్ణి అడిగేదెవరు? మామ రెండుసార్లు నోరు తెరిచాడు. చివరికి గొడుగులు మూటగట్టుకుని ఇంటికి పోయాడు.

మామ మేనకోడలు ఆ హోటల్లోనే పనిచేస్తుంది. వచ్చేపోయే వాళ్లని చూసుకునే ఉద్యోగం, వాళ్ల భాష దానికి బాగా వచ్చు. మర్నాడు అది మామయ్య ఇంటికొచ్చి చెప్పుకుని ఏడ్చింది.

"పోయినాయన భార్యని చూడలేకపోతున్నాను అత్తా. ఆ పొద్దున ఏదో చిన్న గొడవట. 'నీతో విసిగిపోయాను, ఎక్కడికైనా పో' అందట. తన మాటకే పోయాడని తల బాదుకుంటోంది. ఇంట్లో ఏనాడూ ఒక్క బట్ట మడతపెట్టి ఎరగడట ఆయన. పెళ్లైన దగ్గర్నుంచీ దాని మీదే పోట్లాటట. 'పోయే ముందు నా మాట విని మడతపెట్టి పోయాడు' అంటోంది. పైగా ఆ కళ్లజోడు లేకపోతే ఎదురుగా ఉన్న మనిషి కూడా ఆనడట, ఏవో రంగులు కనిపిస్తాయంతే. అది కూడా తీసేసి వెళ్లాడంటే తిరిగొచ్చే ఉద్దేశం లేదనేగా అంటోంది."

కళ్లు, సముద్రం, గొడుగు. ఆ మనిషి చేత్తో చూపించిందంతా మామకి అప్పుడు అర్థమైంది. ఆయన ఎర్ర గొడుగు గుర్తు పెట్టుకునే ఈదాడు. దాన్ని తాను రాళ్ల వైపు పాతాడు.

మేనకోడలి ముందే మొత్తం చెప్పేశాడు. భార్య లేచి తలుపు వేసింది.

"చెప్పింది చాలు. ఇక్కడితో ఆపు" అంది.

"ఆవిడ తనే చంపుకున్నాననుకుంటోందే."

"అనుకోనీ. నువ్వు చంపావని తేలితే మంచిదా? నిన్ను ఆ ఒడ్డున నిలబడనిస్తారా? కేసు పెడితే ఈ వయసులో జైలుకి పోతావా? పోయినాయన ఎలాగూ తిరిగి రాడు."

భార్య చెప్పిందాంట్లో తప్పు పట్టడానికేముంది? మామ నోరు మూసుకున్నాడు. కానీ నోట్లోకి ముద్ద కూడా పోలేదు. ఆ తర్వాత రోజుల్లో గొడుగులు జరిపేటప్పుడు ఉండచుట్టిన బట్టలు అలాగే ఎత్తి అలాగే పడేసేవాడు. పక్క గొడుగులవాళ్లు ఒంట్లో బాలేదా మామా అంటే, ఆఁ, బాలేదు అనేవాడు.

కాగితాల పని పూర్తయి పోయినాయన భార్య వెళ్లిపోయే రోజు వచ్చింది. పొద్దున్నే ఒడ్డుకి దిగింది, పక్కన మేనకోడలు. ఎండ చక్కగా కాస్తోంది, జనం అప్పుడే నీళ్లలో కేరింతలు కొడుతున్నారు. ఆవిడ ముసురుపట్టిన మొహంతో అటూ ఇటూ చూస్తోంది. ఇప్పుడు పోతే ఈ మనిషి బతికినన్నాళ్లూ ఇలాగే బతుకుతుందని మామకి అనిపించింది. ఇంక ఆగలేకపోయాడు.

"చెప్పు తల్లీ" అన్నాడు మేనకోడలితో. "ఆ చొక్కా మడతపెట్టింది నేనని చెప్పు. ఆయన నవ్వుకుంటూ విసిరేసి పోయాడని చెప్పు. గొడుగు జరిపింది కూడా నేనేనని చెప్పు."

మేనకోడలు ఒక్క క్షణం మామయ్య మొహంలోకి చూసి, ఆవిడ వైపు తిరిగి మాట్లాడింది. వింటూ వింటూ ఆవిడ గబుక్కున మామ రెండు చేతులూ పట్టుకుని మొహానికి ఆనించుకుని భోరుమంది. మళ్లీ మళ్లీ ఒకటే మాట. ఆ మాట మామకి తెలుసు. కుర్చీ వేసినప్పుడల్లా వాళ్లు కృతజ్ఞతగా అనేదే.

"గొడుగు సంగతి చెప్పలేదు కదూ?"

"ఎందుకు మామయ్యా? ఆయన చావాలని పోలేదని తెలిసింది, ఆవిడకి అది చాలు. కొరివితో తల గోక్కోకు."

"నన్నేదో మహానుభావుణ్ణి అనుకుంటోందే!"

చేతులు మెల్లిగా విడిపించుకున్నాడు. గొడుగుల గుట్టలోంచి ఎర్రది తీసి నీళ్ల దగ్గర పాతాడు. తన కళ్లు చూపించాడు, సముద్రం చూపించాడు, గొడుగు చూపించాడు. తర్వాత దాన్ని పీకి, రాళ్ల వైపు నడిచి, అక్కడ పాతి, పక్కనే నిలబడ్డాడు. ఆవిడకి ముందు అర్థం కాలేదు. రాళ్లు చూసింది, గొడుగు చూసింది. ఏడుపు ఆగిపోయింది. నెమ్మదిగా నడిచొచ్చి, ఆయన మీదనించి చూపు తిప్పకుండా ఏదో అడిగింది.

మామ మేనకోడలి వైపు తిరిగాడు.

"ఏమంటోందే?"

"వదిలెయ్ మామయ్యా."

"చెప్పవే!"

"ఆయన కేకేశాడా, నీకేమన్నా వినపడిందా అంటోంది. లేదను మామయ్యా. నీ కాళ్లు పట్టుకుంటాను, లేదను."

ఈ సంగతి మామ భార్యకి కూడా చెప్పలేదు. వినపడింది. నీళ్లలో దూరంగా ఆ మనిషి చెయ్యెత్తి అరిచాడు. ఆ ఒడ్డున ప్రతివాడూ అరుస్తాడు, ప్రతివాడూ సంబరంగా చెయ్యూపుతాడు. అదీ అలాంటిదే అనుకున్నాడు.

ఇప్పుడు మామ సముద్రం వైపు తిరిగాడు. ఆ రోజు ఆ కేకకి తాను చేసినట్టే మొహం నిండా నవ్వు తెచ్చుకుని, కుడి చెయ్యి పైకెత్తి ఊపాడు.

చెయ్యి దించేసరికి ఆవిడ ఇసకలో కూలబడిపోయి ఉంది. మేనకోడలు పక్కన కూర్చుని ఆవిడ భుజం పట్టుకుంది. మామయ్య వైపు మాత్రం చూడలేదు.