మెలేసిన వేళ్లు

ఎనభైల్లో అబుదాబిలో నేను వంటపని చేసిన ఇంటి ఐర్లాండు మేడమ్ కవితలు రాసేవారు. చర్చిలో మొక్కే బ్రిజిడమ్మ, ఏసుకు ముందు వాళ్ల ఊళ్లు కొలిచిన బ్రిజిడ్ దేవత ఆ కవితల్లో ఒక్కరే. "ఇద్దరూ ఒకరెలాగవుతారండీ?" అంటే రెండు వేళ్లు మెలేసి చూపి నవ్వేవారు.

జనవరి ఆఖరి సాయంత్రం బాల్కనీలో తెల్లగుడ్డ ఆరేశారు. మర్నాడు బ్రిజిడ్ పండగట; ఆ రాత్రి ఆవిడ వచ్చి తాకితే ఆ గుడ్డ జబ్బులు తీస్తుందట.

"ఇంతదూరం ఎడారిలోకి వత్తారాండీ ఆవిడ?"

"నువ్వు రాలేదా?" అన్నారు వచ్చీరాని హిందీలో.

ఊళ్లో అమ్మ దగ్గర వదిలొచ్చిన నా పాపకు జ్వరం తగ్గట్లేదని ఆ వారమే తెలిసింది. మా పాస్టరుగారికి ఇలాంటివి గిట్టవు. అయినా పెట్టె అడుగునున్న పాప గౌను తెచ్చి ఆ గుడ్డ పక్కనే వేశాను.

పొద్దున్నకు రెండూ మంచుకు తడిశాయి. మేడమ్ గౌను చూశారు. నా వేలికి తన వేలు మెలేశారు.