ఉప్పుగాలి పడదు

బిడ్డను తీసుకుని విశాఖపట్నంలో మా చెల్లె ఇంటికి పోయినప్పుడు సముద్రాన్ని చూసి నాకేమీ కుళ్లు పుట్టలేదు. రెండు ఫొటోలు దిగి ఊరుకున్నాను. ఒళ్లు మండింది మాత్రం వాళ్లింటి పక్కనున్న ఆటల పార్కు చూశాకే.

ఎర్రటి సింథటిక్ ట్రాక్, దాని మీద తెల్లటి గీతలు, పక్కన షటిల్ కోర్టులు, పెద్దవాళ్లు నడవడానికి వేరే దారి. ఆఖరికి నీళ్ల కుళాయి కూడా పనిచేస్తోంది. ఎవరైనా రావచ్చట. మా చెల్లె అదంతా తనే దగ్గరుండి కట్టించినట్టు చూపిస్తోంది. "రోజూ వస్తామక్కా, అలవాటైపోయిందండీ బాబూ" అంది. అక్కకు 'అండీ' ఏమిటి? మాట కూడా మారిపోయింది దానికి.

మా నేరేడుచర్లలో నా బిడ్డ ఉరికేది బడి గ్రౌండులో. కోతలప్పుడు అక్కడ గ్రౌండు ఉండదు, అంతా వడ్లు ఆరబోసిన కళ్లమే. రాశుల మధ్య సందుల్లోనే దాని ప్రాక్టీసు. వడ్లను చెప్పులతో తొక్కం కాబట్టి అంచునే విడిచి దిగుతుంది. చిన్నప్పుడు నేనూ అట్లాగే ఉరికాను. పదో తరగతితో నా పరుగు ఖతం అయింది.

అందుకే ట్రాక్ అంచుకి రాగానే తల్లీబిడ్డలం ఇద్దరం, ఒకరికొకరం చెప్పుకోకుండానే, చెప్పులు విడిచాం. చెల్లె కూతురు పకపకా నవ్వింది. "ఇది గుడి కాదు పెద్దమ్మా!" అంది. నేనూ నవ్వాను గాని, దాని కాళ్లకున్న ఖరీదైన బూట్లు పీకి అవతల పారేయాలనిపించింది.

ఇద్దరు పిల్లలూ ఒక చుట్టు పరుగెత్తారు. వట్టికాళ్ల నా బిడ్డే ముందొచ్చింది. నేను సంబరపడేలోపే, అక్కడ పిల్లలకు నేర్పే కోచ్ మా దగ్గరికొచ్చి, "ఈ అమ్మాయిని ఇన్నాళ్లూ ఎక్కడ దాచారండీ?" అన్నాడు.

చెల్లె నా చెయ్యి పట్టుకుంది. ఊరి మాట మళ్లీ నోట్లోకి వచ్చింది దానికి. "అక్కా, ఒక్క ఏడాది నా దగ్గరుంచు. పొద్దున్నే ఇద్దరినీ నేనే తోలుకొస్త. నా బిడ్డ లెక్కనే చూసుకుంట."

సముద్రం నీదే, ట్రాకూ నీదే, ఇగ నా బిడ్డ కూడా కావాల్నా అని నోటిదాకా వచ్చింది. అంతకంటే సిగ్గుపడాల్సిన మంట ఇంకొకటి ఉంది. నాకు దొరకనిది నా బిడ్డకు ఇంత సులువుగా దొరుకుతోంది. అది రొప్పుతూ నా మొహమే చూస్తోంది. పోతానని అడగబోతోందని తెలిసిపోయింది.

అది నోరు తెరవకముందే నేనన్నాను. "దీనికి ఉప్పుగాలి పడదే. దగ్గు లేస్తది."

ఉన్న మూడు రోజుల్లో అది ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ సంగతి చెల్లెకీ తెలుసు.

ఇప్పుడు యాసంగి కోతలై, బడి గ్రౌండులోకి మళ్లీ వడ్లు వచ్చాయి. నిన్న సాయంత్రం నా బిడ్డ చెప్పులు విడిచి రాశుల సందుల్లో ఉరుకుతుంటే, నేను ఫోనులో టైము చూస్తున్నాను. అప్పుడే చెల్లె ఫోన్ చేసింది. ఏడాది కాకపోతే పోయింది, ఎండాకాలం సెలవులకన్నా పంపమంది. టైము కనబడాలని ఫోను స్పీకర్‌లోనే పెట్టాను గనుక ఆ మాటలు రాశుల దాకా వినబడ్డాయి.

నా బిడ్డ వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నాకు ఆ గాలి పడదు చిన్నమ్మా, దగ్గు లేస్తది" అంది.