నిద్రపోయే మీటర్లు

మా ఆఫీసులో అతన్ని మొహమ్మీదే పీనాసి అనేవాళ్లం. డబ్బు దగ్గర కాదు, కరెంటు దగ్గర. ఎవరైనా రాసిన ప్రోగ్రాం పనేమీ లేకుండా తిరుగుతూ కరెంటు తింటుంటే అతనికి ఒళ్లు మండేది. బల్ల కింద ఒక బస్తా నిండా చచ్చిన బ్యాటరీలు పెట్టుకున్నాడు. కొత్తగా చేరిన ప్రతివాడికీ అది చూపించి, ఇదంతా ఏ మట్టిలో కలపమంటావని నిలదీసేవాడు.

ఆ బ్యాటరీలు ఒక కోల్డ్ స్టోరేజీ గోడల మీది మీటర్లవి. కొన్ని చలిని కొలుస్తాయి. కొన్ని, గదుల్ని చల్లబరిచే అమ్మోనియా వాయువు బయటికి కారుతోందేమో చూస్తాయి. అన్నీ అరనిమిషానికోసారి లేచి, కొలిచి, మాకు పంపేవి. చివరగా వచ్చిన అంకెని బట్టి అక్కడ మేము పెట్టిన బోర్డు మీద పచ్చ లైటో ఎర్ర లైటో వెలిగేది. అతని భార్య అక్కడే ప్యాకింగ్ సూపర్‌వైజరు. ఆవిడ చేతికింద పధ్నాలుగు మంది ఆడవాళ్లు.

పీనాసి ఒక ఉపాయం పన్నాడు. వరసగా మూడుసార్లు ఒకే అంకె వస్తే మీటరు రెట్టింపు సేపు నిద్రపోతుంది. అప్పటికీ మారకపోతే ఇంకా రెట్టింపు, అలా నాలుగు గంటల దాకా. మారనిదాన్ని మాటిమాటికీ కొలవడం దండగ కదా అన్నాడు. ఆ కోడ్ సరిచూసి సరేనన్నది నేనే. తలకాయ ఉండి ఏం లాభం, నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు. ఆరు నెలల్లో బ్యాటరీల ఖర్చు పడిపోయింది, సర్వర్ల కరెంటు సగమైంది. అతన్ని ఆకాశానికెత్తాం.

ఒకరోజు భోజనాలయ్యాక, అందరికంటే ఎక్కువ నిద్రపోయిన మీటర్ల జాబితా తీశాడు. నవ్వుతూ చదవడం మొదలుపెట్టినవాడు మధ్యలో ఆగిపోయాడు. పైనున్న ఎనిమిదీ వాయువు మీటర్లే. వాటి అంకె ఎప్పుడూ సున్నాయే మరి. కాపలా కాయాల్సినవాటినే మేము జోకొట్టి పడుకోబెట్టాం. ప్యాకింగ్ గది మీటరు పదకొండున్నరకి కొలిచింది, మళ్లీ లేచేది మూడున్నరకి. అప్పుడు టైం ఒకటిన్నర. నిద్రలో ఉన్న మీటరుకి మా మాట చేరదు.

భార్యకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు. గాలి కోసం గుమ్మం దగ్గరికొచ్చి మాట్లాడింది. అరగంట నుంచి అందరికీ కళ్లు మండుతున్నాయని, మేనేజరుకి చెబితే బోర్డు చూసుకోమన్నాడని ఆవిడే చెప్పింది.

"అందర్నీ బయటికి పిలువు. నువ్వు మాత్రం లోపలికి వెళ్లకు."

"పచ్చ లైటే వెలుగుతోందండీ. మీరు పెట్టిందేగా, తప్పెందుకు చెబుతుంది?"

"ఆ మీటరు నిద్రపోతోంది. నేనే నిద్రపుచ్చాను."

ఆవిడ ఇక్కణ్ణించి పిలిస్తే వాళ్లు వినరని, లైటు చూసి నవ్వుతారని చెప్పి, ఫోను పెట్టేయకుండానే లోపలికి వెళ్లింది. వద్దని ఇతను అరుస్తూనే ఉన్నాడు. నేను ఫైరింజన్‌కి ఫోన్ చేశాను. అక్కా రా, పిన్నీ లే అంటూ ఆవిడ ఒక్కొక్కరినీ పిలవడం వినిపించింది. లైటు పచ్చగానే ఉంది కదే అని ఎవరో అన్నారు. ఏదో కింద పడింది. తర్వాత ఆగకుండా దగ్గు.

ఆ దగ్గు ఎవరిదో నాకు తెలియలేదు. అతనికి తెలిసింది.